ఇప్పవలస మీదుగా పదకొండు నిమిషాలు

గాలిమెట్ట విమానాశ్రయం ముందు గోడంత బోర్డు ఒకటి నిలబెట్టారు. గాలిమెట్ట నుంచి ఛోర్పాకి దూరం 1,940 కిలోమీటర్లు, మామూలు విమానంలో మూడు గంటల పది నిమిషాలు, మా విమానంలో పదకొండు నిమిషాలు అని దానిమీద రాయించారు. ఆ పదకొండు మాత్రం ఎర్రరంగులో, మనిషి ఎత్తున ఉంది. వచ్చిన ప్రతి అధికారీ దానికింద నిలబడి, పొట్ట లోపలికి లాక్కుని ఫొటో దిగేవాడు. కొత్తలో ఆ బోర్డు చూస్తే అప్పలనరసమ్మకి గర్వంగా ఉండేది. ఇప్పుడు తల తిప్పుకుని పోతోంది.

గాలిమెట్ట మన్యం కొండల్లో ఉంది. ఛోర్పా ఎక్కడో ఉత్తరాన మంచుకొండల నడుమ ఉంది. రెండింటికీ దగ్గర్లో చెప్పుకోదగ్గ ఊరు లేదు. అలాంటి రెండు మూలల్ని కలపడానికి ఇంత హంగామా ఎందుకంటే, ప్రయోగం వికటిస్తే అడిగే నాథుడుండడని. ఈ మాట ఎవరూ కాగితం మీద పెట్టలేదు గాని, ప్రయోగశాలలో టీలు అందించే మనిషికి కూడా తెలుసు.

నరసమ్మది బొబ్బిలి పక్క పల్లెటూరు. నలభై ఆరేళ్ళ మనిషి. ఆ ప్రయోగశాలలో కొలతల విభాగానికి పెద్ద. దూరాన్ని కుదించే యంత్రం ఏం చేస్తుందో మొదట్లో ఆమె చెబితేగాని బయటివాళ్ళకి అర్థం కాలేదు. డైరెక్టర్ డాక్టర్ విద్యాధర్ గంటన్నర సేపు బొమ్మలు వేసి చూపిస్తే, హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాయన ఆవలించాడు. అప్పుడు వెనక వరసలోంచి నరసమ్మ లేచింది.

"చీర కుచ్చెళ్ళు పోసినట్టే సార్. గజాల కొద్దీ గుడ్డ బెత్తెడు చోటులోకి వచ్చేస్తుంది. యంత్రం గాలిలో దూరాన్ని అలా మడతలు పెడుతుంది. విమానం ఆ మడతల అంచులమీంచి పోతుంది."

"పోసిన కుచ్చెళ్ళు జారిపోవా?" అన్నాడాయన.

"జారకుండా ఎక్కడో ఒకచోట దోపుకోవాలి సార్."

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి మడతలు వచ్చి చేరే చోటుకి 'దోపు' అన్న పేరు ఖాయమైపోయింది. అది యంత్రానికి కింద, కొండవాలున ఉన్న నాలుగు కిలోమీటర్ల అడవి పట్టీ. మడతలు అక్కడికి చేరి, విమానం దిగగానే విడిపోయి మాయమవాలి. ప్రతి ప్రయాణానికి ముందు డ్రోన్ పైనుంచి ఆ పట్టీని కొలుస్తుంది. కొలత సరిగ్గా నాలుగు వస్తే నరసమ్మ మైకులో "దోపు ఖాళీ" అనాలి. ఆ మాట విన్నాకే మీట నొక్కుతారు. నలభై ఒక్క పరీక్షలకి నలభై ఒక్కసార్లూ ఆమె ఆ మాట అంది.

ప్రారంభోత్సవం ఇంకా తొమ్మిది రోజులుందనగా ఒక ముసలామె వచ్చి ప్రయోగశాల గేటు దగ్గర కూర్చుంది. పేరు సీదరి గురుబారి. నోట్లో చుట్ట, నిప్పున్న కొస లోపలికి పెట్టుకుంది. ఆమె చెప్పేది సెక్యూరిటీవాళ్ళకి నవ్వులాటగా ఉంది. కారు దిగిన నరసమ్మని చూసి ఆమె లేచింది.

"మా దారి సాగిపోనాదమ్మా," అంది.

"ఏ దారి?"

"ఇప్పవలస నుంచి తార్రోడ్డుకొచ్చీ దారి. మా అత్త కాలంనించీ అది రెండు సుట్టల దారి. ఒక సుట్ట కాలీసరికి గెడ్డ దాటతాం. రెండోది అయిపోయీసరికి రోడ్డు. ఇప్పుడు ఏడు కాల్సినా రోడ్డు రాదు. కనబడతాది గాని రాదు."

"చుట్టలు పొట్టివయ్యుంటాయి మేడం," అన్నాడు గార్డు.

గురుబారి వాడివైపు చూడనైనా చూడలేదు. "కోడలికి నెలలు నిండతన్నాయి. తొలిసూరు. డోలీ మోసీవోలు మజ్జిలో సతికిలబడిపోతన్నారు. ఆ దారి ఎప్పటంత సేసీయండమ్మా, ఇంకేటీ వొద్దు."

ఇంకెవరైనా వచ్చుంటే నరసమ్మ పది రూపాయలు చేతిలో పెట్టి పంపేసేది. కాని ఆ కొండవాలు, వాగులా పారే ఆ గెడ్డ ఆమె రోజూ తెరమీద చూసేవే. మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. మర్నాడు సెలవు పెట్టి, బూట్లు వేసుకుని, తార్రోడ్డు దగ్గర గురుబారిని కలిసింది.

రోడ్డుమీద నుంచి చూస్తే ఇప్పవలస ఎదురుగానే ఉంది. పది పన్నెండు పెంకుటిళ్ళు, ఒక ఇంటిమీద ఆరేసిన పచ్చ దుప్పటి. గురుబారి చుట్ట వెలిగించింది. నడక మొదలైంది. కాళ్ళకింద రాళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. చెమట పడుతోంది. అయినా పక్కనున్న ఇప్పచెట్టు పక్కనే ఉంది. దాన్ని దాటడానికి పావుగంట పట్టింది. చెట్టు లావుగా లేదు. మామూలు చెట్టే. ఫోన్ తీసి చూస్తే, రోడ్డునుంచి ఆరువందల మీటర్లు వచ్చినట్టు చూపించింది. అప్పటికి గురుబారి రెండో చుట్ట పారేసింది.

నాలుగో చుట్టకి నరసమ్మకి సంగతి బోధపడింది. కుచ్చెళ్ళని పైనుంచి చూసేవాళ్ళకి బెత్తెడే. గుడ్డమీద పాకే చీమ మాత్రం ప్రతి మడతా ఎక్కి దిగాలి. పైన ఎగిరే డ్రోన్‌కి ఈ దారి ఎప్పటికీ నాలుగు కిలోమీటర్లే. దానిమీద కాలు పెట్టినవాడికే అసలు దూరం తెలుస్తుంది. ప్రయోగశాలలో ఉన్న డెబ్భైమందిలో ఒక్కరూ ఇన్నాళ్ళలో ఈ దారిమీద కాలు పెట్టలేదు. తనూ పెట్టలేదు. తనమీద తనకే రోత పుట్టింది.

ఊరు చేరేసరికి ఎనిమిది చుట్టలయ్యాయి. కోడలు బుద్రి అరుగుమీద కూర్చుని పాతచీర చింపి పుట్టబోయేవాడికి గుడ్డలు కుడుతోంది. ఇరవై ఏళ్ళుంటాయి. కాళ్ళు నీరు పట్టి ఉబ్బిపోయాయి.

"మేడమ్మా, మీరు మా దారి బాగుసెయ్యడానికొచ్చేరా?" అంది.

నరసమ్మ తలూపింది. ఆ ఊపడం తరవాత చాలాసార్లు గుర్తొచ్చి సిగ్గుపడింది.

విద్యాధర్ గదిలో ఏసీ చలికి చేతులు కొంకర్లు పోతాయి. ఆయన చాలా మర్యాదస్తుడు. ఎవర్నైనా కూర్చోబెట్టి, బిస్కెట్లు ఇచ్చి మరీ మోసం చేస్తాడు.

"ఎనిమిది చుట్టలా," అని నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, బిస్కెట్ విరిచాడు. "చూడండి నరసమ్మగారూ, మీ దగ్గర దాచడం దేనికి. మడతల్లో నూటికి ఒక వంతు విడిపోకుండా నేలమీద ఉండిపోతోంది. ఒక్కో ప్రయాణానికి పందొమ్మిది కిలోమీటర్లు. ఒక రోజు వదిలేస్తే దానంతటదే విడిపోతుంది. ఏడాదిగా తెలుసు."

"తెలిసి ఊరుకున్నారా సార్? అక్కడ ఊరుంది."

"ఊరు లేదు. జనం లేరు. మీరే సంతకం పెట్టారు."

ఫైలు తెప్పించి ముందు పెట్టాడు. దోపు కోసం స్థలం ఎంచినప్పటి పట్టిక అది. ఎడమవైపు గడిలో ఊరిపేరు, కుడివైపు గడిలో జనం వివరం. కంప్యూటర్ 'ఇప్పవలస' అన్న పేరుని రెండు ముక్కలు చేసింది. ఎడమ గడిలో 'ఇప్ప' అని, కుడి గడిలో 'వలస' అని పడింది. ఇప్ప అనే ఊరు, అందులో జనం వలస పోయారు. అలా చదువుకున్నారు పట్నంవాళ్ళు. వాళ్ళకి తెలియకపోతే తెలియకపోవచ్చు. బొబ్బిలి చుట్టుపక్కల ప్రతి మూడో ఊరి పేరూ ఏదో ఒక వలసే. నరసమ్మ అమ్మమ్మది వలస, మేనత్తది వలస. ఆ గడిని చదివి ఉంటే చిన్నపిల్లయినా నవ్వి ఎర్రసిరాతో కొట్టేసేది. నరసమ్మ చదవలేదు. ఆ రోజు నూటపది కాగితాలమీద సంతకాలు పెట్టింది. సంతకం అందంగా కూడా ఉంది.

"ఈ తప్పు బయటపడితే మొదట పోయేది మీ ఉద్యోగమే," అన్నాడు విద్యాధర్, చాలా బాధపడుతున్నట్టు. "ప్రారంభోత్సవం కానివ్వండి. ఆ తరవాత నెమ్మదిగా దోపుని ఇంకో చోటికి జరుపుదాం. అక్కడ ఎవరూ లేకుండా చూసుకుందాం."

"రోజుకి రెండు ప్రయాణాలు మొదలైతే ఆ దారి ఇంక విడవదు సార్."

"అందుకే నెమ్మదిగా అన్నాను." బిస్కెట్ల పళ్ళెం ఆమెవైపు జరిపాడు. "తీసుకోండి. జీడిపప్పువి."

ఆ జీడిపప్పు వాసన ఇంటికెళ్ళేదాకా ఆమె ముక్కులోంచి పోలేదు.

ఇంట్లో భర్త సింహాచలం మంకీక్యాప్ పెట్టుకుని అద్దంముందు నిలబడి ఉన్నాడు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఉద్యోగుల కుటుంబాలకి మొదటి విమానంలో సీట్లిచ్చారు. పుట్టి బుద్ధెరిగి మంచు చూడనివాడు, వారం నుంచి స్వెట్టర్లు ఎండబెట్టుకుంటున్నాడు. నరసమ్మ జరిగిందంతా చెప్పింది. చెవులు మూసుకుపోయి ఉన్నందువల్ల క్యాప్ తీసి మళ్ళీ చెప్పించుకున్నాడు.

"నువ్వు ఒక్కదానివే ఏం చేస్తావే," అన్నాడు చివరికి. "ఆ అమ్మాయిని ముందే ఆస్పత్రికి చేర్చేస్తే సరిపోతుంది కదా. విమానం లేని రోజు చూసి తీసుకొచ్చేయమను."

"ఆ అమ్మాయి సంగతి సరే. మిగతావాళ్ళు?"

"వాళ్ళ సంగతి తరవాత చూడొచ్చు," అని మళ్ళీ క్యాప్ పెట్టుకున్నాడు.

పాతికేళ్ళ కాపురంలో అతనంటే ఆమెకి కోపం వచ్చింది, విసుగొచ్చింది. అసహ్యం వేయడం అదే మొదటిసారి. అయినా అతను చెప్పిన ఉపాయంలో తప్పు కనబడలేదు. ఆ వారమంతా అతిథులకోసం రిహార్సల్ ప్రయాణాలు పెట్టారు. ఒక్క గురువారం మాత్రం అలంకరణల కోసం ఆపారు. అంటే శుక్రవారం పొద్దుటికి దారి మామూలవుతుంది. ప్రారంభోత్సవం పదకొండు గంటలకి. నరసమ్మ ఇప్పవలసలో ఉన్న ఒకే ఒక ఫోన్‌కి కబురు చేసింది. "శుక్రవారం తెల్లారగానే బయల్దేరండి. రెండు చుట్టల్లో వచ్చేస్తారు. రోడ్డుమీద ఆంబులెన్స్ పెట్టిస్తాను."

శుక్రవారం ఎనిమిది దాటాక ఆమె ప్రయోగశాలకి వెళ్ళేసరికి షామియానా కింద జనం నిండిపోయి ఉన్నారు. పకోడీలు, జిలేబీలు తింటున్నారు. మూతులు తుడుచుకున్న కాగితాలు కాళ్ళకింద తొక్కుతున్నారు.

"ఇంత పొద్దున్నే ఏమిటి సార్?" అంది విద్యాధర్‌తో.

"ముఖ్య అతిథిగారికి రాహుకాలం పట్టింపు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండుదాకా పనికిరాదట. ఎనిమిదీ ఇరవైకి మార్చాం. మీకు మెసేజ్ రాలేదా?"

దేశంలో మొట్టమొదటి మడత విమానం రాహుకాలం చూసుకుని ఎగురుతోంది. నరసమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పవలస ఫోన్‌కి చేసింది. గురుబారి కొడుకు తీశాడు. తెల్లారకముందే బుద్రికి నొప్పులు మొదలయ్యాయి, మోసేవాళ్ళు దొరికి డోలీ కట్టుకుని బయల్దేరేసరికి ఏడున్నర దాటింది, గెడ్డ దాటుతున్నారు. వెనక బుద్రి మూలుగు వినబడుతోంది.

"ఒక్క గంట ఆపండి సార్," అంది. "డోలీ దారి మధ్యలో ఉంది. ఒక్క గంట."

విద్యాధర్ డ్రోన్ తెర చూపించాడు. అడవి మధ్య సన్నటి దారిమీద తెల్లటి గుడ్డ మూట, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక. "రెండు కిలోమీటర్లే ఉంది. వచ్చేస్తారు."

"మీకు తెలుసు కదా సార్, అది రెండు కాదని."

"ఎనిమిదీ పద్దెనిమిది," అన్నాడు ఎవరో.

లౌడ్‌స్పీకర్లో పిలుపు వచ్చింది. "దోపు?" నరసమ్మ మైకు ముందు నిలబడింది. డ్రోన్ తెరమీద డోలీనే చూస్తోంది. పిలుపు మళ్ళీ వచ్చింది. "దోపు?"

"దోపులో మనుషులున్నారు," అంది మైకులో.

షామియానా కింద ఎవరో కిసుక్కున నవ్వారు. విద్యాధర్ ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి, మైకు తనవైపు తిప్పుకుని, "దోపు ఖాళీ," అన్నాడు. మీట నొక్కారు. ఆ గొంతు ఎవరిదైనా యంత్రానికి ఒకటే. నలభై ఒక్కసార్లు తన మాటకోసమే అందరూ ఆగారని నరసమ్మ అనుకుంది. ఎవరూ ఆగలేదు.

పెద్ద తెరమీద విమానం లేచింది. కిటికీలో మంకీక్యాప్ ఒకటి కనబడింది. చిన్న తెరమీద డోలీ ఉంది. నలుగురి కాళ్ళూ ఆడుతున్నాయి. ఎత్తి వేస్తున్నారు, ఎత్తి వేస్తున్నారు. డోలీ మాత్రం ఉన్నచోటే ఉంది. దాన్ని నరసమ్మ ఒక్కతే చూస్తోంది. పదకొండు నిమిషాలకి పెద్ద తెరమీద తెల్లటి మంచు కనబడింది. చప్పట్లు మోగాయి. జిలేబీ పాకం అంటిన చేతులతో కొట్టిన చప్పట్లు, అదో రకం తడి చప్పుడు. నరసమ్మ మెడలోని గుర్తింపు కార్డు తెంపి టేబుల్ మీద పడేసి కొండ దిగిపోయింది.

రోడ్డుమీద ఆంబులెన్స్ ఆగి ఉంది. అందులోని కుర్ర నర్సు చెయ్యి అడ్డం పెట్టుకుని దారివైపు చూస్తోంది. డోలీ అక్కడికి కనబడుతూనే ఉంది.

"వచ్చేస్తున్నారు మేడం. ఇంకో పది నిమిషాలు," అంది.

"రారు. నువ్వే రావాలి. మందుల సంచి తీసుకుని నాతో రా."

"బండి వదిలి వెళ్తే మామీద రిపోర్టు రాస్తారు మేడం. కనబడుతున్నారు కదా."

నరసమ్మ ఆమెని వదిలేసింది. దారిలోకి దిగింది. నడిచింది. డోలీ గుడ్డమీద మాసిక కూడా కనబడుతోంది. బుద్రి అరుపు వినబడుతోంది. నరసమ్మ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని గురుబారిని పిలిచింది. గురుబారి తిరిగి పిలిచింది. మాటలు ఇటూ అటూ చేరుతున్నాయి, మనుషులు చేరడం లేదు. గంట నడిచింది, ఇంకా నడిచింది. బూటులో పొక్కులు చితికాయి. పదింటికి తలమీద హోరు వినబడింది. ఛోర్పా నుంచి తిరుగు విమానం. రాహుకాలం మొదలయ్యేలోపే దింపాలి కదా. కళ్ళెదుట రాయివిసురంత దూరంలో ఉన్న డోలీ అక్కడే కనబడుతూ, మళ్ళీ అందనంత దూరమైపోయింది. మోస్తున్నవాళ్ళలో ఒకడు దారిమీద కూలబడ్డాడు. నరసమ్మ పైకి చూసి, తన నోటికి ఎప్పుడూ రాని బూతులు తిట్టింది. విమానంలో మొగుడున్నాడని గుర్తుండే తిట్టింది.

మధ్యాహ్నం రెండుకి ఆమె వాళ్ళని అందుకుంది. డోలీ కిందకి దించి ఉంది. గుడ్డ తెల్లగా లేదు. కిందనున్న రాళ్ళూ, మట్టీ తడిసి ఉన్నాయి. గురుబారి ఒడిలో గుడ్డపీలికల మధ్య ఎర్రటి పిల్ల, కళ్ళు మూసుకుని నోరు తెరుస్తోంది. బుద్రి ముఖం మీద గురుబారి కొడుకు తన తువ్వాలు కప్పేశాడు.

"రగతం ఆగలేదమ్మా," అంది గురుబారి. ఏడవడం లేదు. ఏడ్చి అయిపోయింది. పిల్లని నరసమ్మ చేతుల్లో పెట్టి, కోడలి చీర సర్దింది. మోకాళ్ళమీద సర్దింది, పాదాలదాకా లాగింది.

సర్దడం అయ్యాక అడిగింది. "ఆ ఇమానం ఎంతసేపట్లో ఎల్తాదమ్మా, ఆ మంచు కొండకి?"

"పదకొండు నిమిషాలు."

"అంతేనా." తలెత్తి ఆకాశంవైపు చూసింది. "మరైతే ఒక్కసారి కిందకి దిగి నా కోడల్ని ఎక్కించుకోలేకపోయిందేటి? రెండుసార్లు మా నెత్తిమీంచే ఎల్లింది గదా."

నరసమ్మ దగ్గర అబద్ధాలు చాలానే ఉన్నాయి. సాంకేతిక లోపమనొచ్చు. తెలియదనొచ్చు. విద్యాధర్ పేరు చెప్పొచ్చు, అందులో చాలా భాగం నిజం కూడా. వాటిలో ఏ ఒక్కటీ నోటికి రాలేదు.

"మీ దారిని సాగదీసిందే ఆ విమానం అమ్మా," అంది. "ఇక్కడ ఊరు లేదని కాగితం మీద సంతకం పెట్టింది నేను. చదవకుండా పెట్టాను."

గురుబారి ఆమెని పైనుంచి కిందదాకా చూసింది. తిట్టలేదు. ఉమ్మలేదు. ఆమె చేతుల్లోంచి పిల్లని తీసేసుకుంది, కుళ్ళిన చోట పెట్టిన తిండిని వెనక్కి తీసుకున్నట్టు. కూలబడ్డ మనిషివైపు చూపించింది.

"ఆడు ఇంక లెగలేడు. నువ్వు పట్టు."

నరసమ్మ వెళ్ళి డోలీ బొంగు కిందకి భుజం పెట్టింది. పచ్చి వెదురు. మెడమీద నరం దగ్గర ఒత్తింది. ముగ్గురు మగవాళ్ళు లేచారు, ఆమె లేచింది. బుద్రి బరువు ఆమె భుజంమీదికి వచ్చింది. గురుబారి పిల్లని గుండెకి అదుముకుని వెనక నడిచింది. ఎదురుగా తార్రోడ్డు కనబడుతోంది. ఆంబులెన్స్ పక్కన నిలబడ్డ నర్సు, వచ్చేస్తున్నారనుకుని, వెనక తలుపులు తెరిచి పట్టుకుంది.